మూల కన్నానికి పూత

మా మాస్టారు పోయారు. పోయిన బుధవారం పొద్దున్న ఆయన భార్య, మేమంతా అమ్మగారూ అని పిలుస్తాం, ఫోను చేసి "మీ సారు లెగలేదమ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. "రాత్రి ఆలస్యంగా పడుకున్నారేమో, లేపండి" అన్నాను. ఆవిడ ఫోను పక్కనున్నవాళ్ల చేతికిచ్చేశారు. అప్పుడు తెలిసింది. ఆ తెలివితక్కువ మాట అన్నందుకు ఇప్పటిదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మీలో చాలామందికి ఆయన తెలియరు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యారు. పుట్టింది విజయనగరం పక్క పల్లెటూళ్లో. ఆయనతో పనిచేసినవాళ్లంతా విశాఖపట్నంలో ఫ్లాట్లు కొనుక్కుంటే, ఈయన అనంతగిరిలో రోడ్డు వార రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఒక గదిలో సంసారం, ఒక గదిలో సర్క్యూట్ బోర్డుల పని. ఇక్కడికెందుకు వచ్చారు సార్ అని ఎవరైనా అడిగితే "కింద ఉక్కపోత గదేటి" అనేవారు. అంతకు మించి కారణం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

నాది టైడా పైన కొండ మీద ఊరు. మా అమ్మ చిన్నప్పుడే పోతే పిన్ని పెంచింది. డిప్లొమా పాసై, ఉద్యోగం దొరక్క, ఊరికే ఇంట్లో కూర్చుని పిన్ని మీద విసుక్కుంటున్న రోజుల్లో ఈయన దగ్గరికి వెళ్లాను. నాకు కోపం ఎక్కువ. ఎవరైనా తప్పు చూపిస్తే తప్పు కంటే ముందు చూపించినవాళ్ల మీద మండుతుంది. అలాంటిదాన్ని ఆయన ఏడేళ్లు భరించారు. నాకు ముప్ఫై దాటినా చిన్నపిల్లని పిలిచినట్టు "ఏటే గుంటా" అనే పిలిచారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు అలా ఇంకెవరూ పిలవరని తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఆయన గురించి చెప్పాలంటే కన్నాల గురించి చెప్పాలి. నవ్వకండి. పాడైన టీవీ రిమోటు విప్పితే లోపల పచ్చగా పలక ఒకటి ఉంటుంది కదా, అదే సర్క్యూట్ బోర్డు. దాని నిండా కన్నాలుంటాయి. పైకి చూస్తే అన్నీ ఒకటే. నిజానికి అవి రెండు రకాలు. ఒక రకానికి లోపలి గోడకి రాగి పూత ఉంటుంది, పై వైపు కరెంటు ఆ గోడ పట్టుకుని కింది వైపుకి దిగుతుంది. రెండో రకానికి పూత ఉండదు. బోర్డుని డబ్బాకి బిగించడానికి అందులోంచి స్క్రూ వెళ్తుంది, అంతే. ఏ కన్నం ఏ రకమో బోర్డు గీసేవాళ్లం పట్టికలో రాసి పంపాలి. రాయకపోతే అవతల తయారుచేసేవాళ్లు అన్నిటినీ ఒకేసారి పూత తొట్టిలో ముంచేస్తారు. పూత వద్దన్నవాటిని ఆ తర్వాత విడిగా తొలవాలి, అది వాళ్లకి అదనపు పని.

"కన్నం అంటే ఖాళీ అనుకుంతన్నావేటి? దాన్లోంచి ఏదో ఎల్తాది. ఏటెల్తాదో రాయి. నువ్వు రాయకపోతే అవతలోడు ఆడికి తోసినట్టు సేస్తాడు. అది ఆడి తప్పు కాదు." ఈ మాట నాకు వందసార్లు చెప్పి ఉంటారు.

కొత్త బోర్డులు పార్సిల్లో రాగానే ఆయన కత్తెర కూడా వెతుక్కోకుండా పళ్లతో టేపు చింపేవారు. ఒక బోర్డు తీసుకుని గుమ్మంలో నిలబడి, వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, ఒక్కో కన్నంలోంచి ఆకాశం చూసేవారు. పూత ఉన్నదైతే లోపలి గోడ మెరుస్తుంది. లేనిదైతే ఎండుగడ్డి రంగులో ఉంటుంది. అన్నీ చూశాకే ఎవరితోనైనా మాట. ఆ సమయంలో అమ్మగారు అన్నం చల్లారిపోతోందని అరిచినా చెవిన పడేది కాదు.

నా మొదటి డ్రాయింగు ముప్ఫై బోర్డులకి. బోర్డు మీద కూర్చునే రిలే అనే చిన్న స్విచ్చు కాళ్లు ఎంత లావో అంతే కొలత రాసి పంపించాను. పూత పడ్డాక కన్నం సన్నబడుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. బోర్డులొచ్చాయి, ఒక్క కాలూ దూరలేదు. ఆయన తిట్టలేదు. "ముప్ఫయ్యీ వరసన దూర్చి సూడు, ఒక్కటైనా దయ తలుత్తాదేమో" అని తన పనిలో పడిపోయారు. సాయంత్రానికి నా వేళ్లు వాచిపోయాయి. అప్పుడన్నారు: "పూత కూడా సోటు తింతాది గుంటా. తొలిసే కొలత రాయకు. పూత పడ్డాక మిగలాల్సిన కొలత రాయి." తిడితే బావుండేదనిపించింది.

ఆ తర్వాతే నాకు ఆయన పెట్టుకున్న పద్ధతి పూర్తిగా అర్థమైంది. ఏ డ్రాయింగూ ఇద్దరు కూర్చుని కన్నాలు చదవకుండా గడప దాటకూడదు. ఒకరు పట్టికలోంచి కన్నం నంబరు చదవాలి. రెండోవాళ్లు పట్టిక చూడకుండా "దీన్లోంచి ఏటెల్తాది?" అని అడగాలి. రిలే కాలు అంటే "అయితే పూత ఉండాల". స్క్రూ అంటే "అయితే వద్దు". పట్టికలో ఉన్నది ఆ జవాబుతో కలిసిందా లేదా అన్నది అప్పుడు చూడాలి. అడిగేవాళ్లకి ఎలక్ట్రానిక్స్ రానక్కర్లేదు. అమ్మగారు చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఎన్ని బోర్డులకి అడిగారో లెక్కే లేదు. నాకు మాత్రం అదంతా ముసలాయన చాదస్తం అనిపించేది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇన్నాళ్లూ ఇది ఎవరికీ రాసి చెప్పలేదు.

మూడేళ్ల కిందట మా చుట్టుపక్కల కాఫీ రైతులు కొందరు కలిసి ఐదు ఊళ్లలో పళ్ల తొక్క తీసే మిషన్లు పెట్టుకున్నారు. మా కొండల్లో కరెంటు సంగతి తెలిసిందే, వోల్టేజి పడిపోయి మోటార్లు కాలిపోతుంటాయి. వోల్టేజి పడినా, నీళ్లు ఆగినా మోటారు దానంతటదే ఆగిపోయేలా ఒక డబ్బా చేసివ్వమని మాస్టారిని అడిగారు. ఇనుప డబ్బా, దాని మీద రెండు బటన్లు, లోపల మా బోర్డు. గీసింది నేను. సరిగ్గా డ్రాయింగు పంపాల్సిన వారంలోనే ఆయన కంటి ఆపరేషన్‌కి అమ్మగారితో కలిసి విజయనగరం వెళ్లారు. పళ్ల కోత దగ్గర పడుతోంది. పిన్నిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకోవచ్చు. పిలవలేదు. కన్నాలు నేనే చదివి, నేనే అడిగి, నేనే జవాబు చెప్పుకున్నాను. నాలుగు మూలల స్క్రూ కన్నాల దగ్గరికొచ్చేసరికి ఇవి ఎప్పుడూ ఉండేవేగా అని అడగడం కూడా మానేశాను. పూత గడి ఖాళీగా ఉండిపోయింది.

ఆయన ఆస్పత్రి నుంచి ఫోను చేశారు. కన్ను ఎలా ఉందో చెప్పకముందే "కన్నాలు ఎవరితో సదివినావు?" అన్నారు.

"పిన్నితో సార్" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

"మంచి పని సేసినావు" అన్నారు.

బోర్డులు వచ్చేసరికి ఆయన కంటికి నల్లద్దాలు. వెలుతురు చూడకూడదన్నారు డాక్టర్లు. నేను పైపైన చూశాను. గదిలో వారం పైగా నడిపించి చూశాం, ఒక్క తేడా లేదు. ఐదు డబ్బాలూ ఐదు ఊళ్లకి వెళ్లిపోయాయి. మిగిలిన ఒక బోర్డు గోడకి మేకున తగిలించాను.

ఆయనకి కొత్త కళ్లద్దాలు వచ్చిన రోజు పొద్దున్న పదిన్నర. బయట మూడు రోజులుగా వదలని పొగమంచు. మేకున ఉన్న బోర్డు తీసుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను సోల్డరింగ్ చేస్తున్నాను. చాలాసేపు చప్పుడు లేకపోతే తలెత్తాను.

"మూల కన్నం మెరుత్తాందే" అన్నారు.

నేను లేచి వెళ్లి చూశాను. నాలుగూ మెరుస్తున్నాయి.

"డబ్బా ఇనుపది. స్క్రూ ఇనుపది. ఫేజు గీత ఈ కన్నానికి ఎంత దూరంలో గీసినావు?"

చెప్పాను. ఫేజు గీత అంటే బోర్డు మీద లైను కరెంటు నడిచే రాగి దారి. పూత లేదనుకుని గీసిన దూరం అది. పూత పడితే కన్నం అంచు చుట్టూ రాగి ఉంగరం కూడా వస్తుంది. ఆ ఉంగరానికీ ఫేజు గీతకీ మధ్య ఇప్పుడు వెంట్రుకంత ఖాళీ మిగిలింది. ఎండగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. చెమ్మ పడితే ఆ ఖాళీ దాటి కరెంటు ఉంగరంలోకి, స్క్రూలోకి, డబ్బాలోకి వస్తుంది. ఆ డబ్బా ముందు ఆడవాళ్లు ఉత్త కాళ్లతో నీళ్లలో నిలబడి పనిచేస్తారు. ఎర్త్ వైరు అంటారా, మా దగ్గర రాయి పగలక దాన్ని కట్టే కడ్డీని పైపైన మట్టిలో గుచ్చి వదిలేస్తారు, అది ఉన్నా లేనట్టే.

మధ్యాహ్నం మూడు దాటాక కోసిన పళ్లు షెడ్డుకి వస్తాయి. అప్పుడు మోటారు వేస్తారు. ఆయన గోడ గడియారం చూసి, చొక్కా తొడుక్కుని, టెస్టరు జేబులో పెట్టుకున్నారు. "ఫోనులు సెయ్యి. బేగి."

రెండు ఊళ్లకి ఫోను కలిసింది, ఫ్యూజు పీకేసి ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దని చెప్పాను. మిగిలిన మూడింటికీ సిగ్నల్ లేదు. వాటిలో ఒకటి మా ఊరే.

బాడుగ జీపు మాట్లాడుకున్నాం, ఆయన ముందు సీట్లో, నేను వెనక. ఆయన డ్రైవరుకి ఊళ్ల వరస చెప్పి, దారి చూస్తూ కూర్చున్నారు. ఎవరైనా నన్ను తిట్టాలని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు. మొదటి ఊళ్లో షెడ్డు ఖాళీ. ఆయన పొడి పీట మీద నిలబడి, లైను వేయించి, డబ్బాకి టెస్టరు ఆనించారు. వెలగలేదు. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. రెండో ఊళ్లోనూ వెలగలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏం లేదు సార్. అనవసరంగా కంగారు పడ్డాం" అన్నాను.

"రెండు కన్నాలు బావున్నాయని మూడోది సూడ్డం మానేత్తావేటి?" అన్నారు. వెనక్కి తిరిగి అడిగారు. "ఆ రోజు మీ పిన్ని మూల కన్నాల గురించి అడగలేదేటి?"

జీపు చప్పుడులో వినపడలేదన్నట్టు బయటికి చూస్తూ కూర్చున్నాను. సిగ్గులేనిదాన్ని.

మా ఊరికి జీపు దారి లేదు, అరగంట ఎక్కాలి. బురద. కొత్త కళ్లద్దాల మీద మంచు పడి ఆయనకి దారి కనపడటం లేదు, నిమిషానికోసారి తుడుచుకుంటున్నారు. టైము ఇంకా రెండున్నర కాలేదు, పళ్లు వచ్చి ఉండవులే అనుకుంటున్నాను. మలుపు తిరగ్గానే మోటారు చప్పుడు వినిపించింది. మంచు ఎక్కువగా ఉందని కోత బేగి ఆపేసినట్టున్నారు. పరిగెత్తబోతే ఆయన నా జబ్బ పట్టుకుని ఆపారు.

"పరిగెట్టకు, అరవకు. అరిస్తే కంగారులో ముందు మోటారు ఆపుదామని డబ్బా మీదే సెయ్యేత్తారు. నువ్వు వెనకనుంచి ఎల్లి ఫ్యూజు పీకు. ఆళ్ల సంగతి నాను సూసుకుంతాను."

షెడ్డులో ఐదారుగురు ఆడవాళ్లు, పాదాలు మునిగేలా ఎర్రటి నీళ్లు. డబ్బాకి బారెడు దూరంలో మా పిన్ని, చేతులు మోచేతుల దాకా తడి. నేను వెనక గోడ వారగా నడుస్తున్నాను. మాస్టారు ముందు వైపు నుంచి, చుట్టం చూపుగా వచ్చినవాడిలా నవ్వుతూ వెళ్లారు.

"ఏటమ్మా, పళ్లు ఎలగున్నాయి ఈ ఏడు?"

"ఓలమ్మ, మాస్టారు బాబు! ఉండండుండండి, మిషను ఆపుతాను, మాటాడుకుందాం" అని పిన్ని డబ్బా వైపు తిరిగింది.

నాకు ఫ్యూజు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది.

"మిషనుకేటి తొందర? ముందు ఇలగ రా. కొత్త కళ్లద్దాలు, వేలు పోసి కొన్నాను, ఏటీ కనపడ్డం లేదు. అద్దానికి ఏటంటిందో సూసి పెట్టమ్మా" అని కళ్లద్దాలు తీసి చెయ్యి చాచారు. గొంతులో ఒక్క వణుకు లేదు. పిన్ని చెయ్యి గాల్లో ఆగింది. చీర చెంగుకి చెయ్యి తుడుచుకుంటూ ఆయన వైపు నాలుగడుగులు వేసింది. నేను ఫ్యూజు పీకేశాను. మోటారు మూలుగుతూ ఆగిపోయింది.

ఆయన అందరినీ బయట పొడి నేల మీదికి పంపించి, పీట వేయించుకుని, మళ్లీ ఫ్యూజు పెట్టమని నాకు సైగ చేశారు. డబ్బాకి టెస్టరు ఆనించారు. ఎర్రగా వెలిగింది.

పిన్ని దాన్ని చూసి, తన కుడి చెయ్యి చూసుకుంది. "నిన్నటి బట్టీ బటన్ నొక్కినప్పుడల్లా సెయ్యి జివ్వుమంతంది. సలికి తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను" అంది.

ఆ మాట విన్నాక నేను నిలబడలేకపోయాను. ఫ్యూజు పీకి, అక్కడే బురదలో కూలబడి చెప్పేశాను. గీసింది నేనని, గడి ఖాళీగా వదిలేసింది నేనని, పిన్నితో కన్నాలు చదివానని మాస్టారితో అబద్ధమాడానని. మాస్టారు మధ్యలో కల్పించుకోలేదు, నన్ను వెనకేసుకు రాలేదు. అందరికంటే ముందు పిన్నే మాట్లాడింది.

"నా పేరెందుకు సెప్పినావే? పిలిస్తే వచ్చి కూకోనేటి నాను?"

ఇంకే తిట్టూ నన్ను అంత కొట్టలేదు.

ఐదు డబ్బాలూ ఆ వారమే విప్పి తెచ్చేశాం. కొత్త బోర్డులు వచ్చేదాకా ఆ ఊళ్లలో చేత్తో తిప్పి తొక్క తీసుకున్నారు. కొత్త పట్టికకి ఎదురుగా కూర్చుని అడిగింది మా పిన్నే. మూల కన్నాల దగ్గర నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ చెప్పాను. మాస్టారు ఆ తర్వాత ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు, ఎవరితోనూ అనలేదు. ఆ మేలు ఈ జన్మకి తీరదు. నిన్న పెద్ద కర్మ గురించి మాట్లాడటానికి వెళ్లినప్పుడు అమ్మగారికి చెప్పాను. ఆవిడకీ తెలియదట.

కానీ షెడ్డుకి వెళ్లిన ఆ రోజు అక్కడితో అయిపోలేదు. కొండ దిగి టైడా స్టేషన్‌కి వచ్చేసరికి ఐదు కావస్తోంది. జీపు వేరే బాడుగకి వెళ్లిపోయింది, తిరిగొచ్చేదాకా ఆగాలి. ప్లాట్‌ఫాం మీద మేమిద్దరమే. బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని, ఇక ఉండబట్టలేక అన్నాను.

"సార్, తిట్టండి. ఎంత తిట్టినా పడతాను."

"తిట్టడానికి ఊపిరుండాల గదే గుంటా" అన్నారు.

టీ తెస్తానని లేచాను. తెచ్చి గ్లాసు అందిస్తే ఆయన చెయ్యి చాచారు. వేళ్లు వణికిపోతున్నాయి. రెండో చెయ్యి కూడా కలిపి పట్టుకోబోయారు, అదీ వణుకుతోంది. టీ ఒలికి ప్యాంటు మీద పడింది. అప్పుడు చూశాను ఆయన ముఖం. షెడ్డులో పిన్నితో నవ్వుతూ మాట్లాడిన మనిషి కాదు, చచ్చేంత భయపడిన ముసలాయన. పొద్దున్న పదిన్నర నుంచి ఆ భయాన్ని మా ఎవరికీ కనపడనివ్వకుండా మోసుకు తిరిగారు.

ఆయన చేతులు రెండూ ఒళ్లో పెట్టేసుకున్నారు. నేను గ్లాసు తీసుకుని, ఊది చల్లార్చి, ఆయన పెదాలకి ఆనించాను. కాదనలేదు. కళ్లు మూసుకుని, గుక్క గుక్కకీ ఆగుతూ, గ్లాసు అడుగు కనపడేదాకా నా చేత్తోనే తాగారు.